కార్బన్ మీద పలుచని పొర: పాటించకూడని సలహాలు

కార్బన్ ఎలక్ట్రోడ్ మీద అణువుల పొర అంటించే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు పద్ధతి కన్నా ముందు సలహాలు అందుతాయి. సీనియర్ ఒకటి చెబుతాడు. పక్క బెంచీ అక్క ఇంకోటి చెబుతుంది. అల్మారాలోని పాత థీసిస్‌లో మూడోది దొరుకుతుంది. అన్నీ మంచి మనసుతో చెప్పినవే. అయితే వాటిలో చాలావాటికి పునాది ఒకటే అపోహ: ఈ పనిలో కష్టమంతా అంటించడంలో ఉందన్న నమ్మకం. నేను చెప్పదలచుకున్నది దానికి సరిగ్గా ఎదురు. ఇందుకు వాడే డయాజోనియం ఉప్పుకు ఒక్క ఎలక్ట్రాన్ అందిస్తే చాలు, అంటుకోవడం దానంతట అదే జరిగిపోతుంది. కష్టమంతా ఒక్క పొర దగ్గర ఆపడంలో ఉంది. ఆపడం మీద దృష్టి పెట్టక ఎన్నో మంచి ప్రయోగాలు పనికిరాకుండా పోతున్నాయి. అందుకే తరచూ వినిపించే సలహాలను ఒక్కచోట చేర్చి, వాటిని ఎందుకు పాటించకూడదో రాస్తున్నాను.

ముందు అసలు రసాయనం. 1992లో పారిస్ 7 విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ దెలామార్, రషీద్ హిత్మీ, జాన్ పాన్సోన్, జాన్-మిషెల్ సవేయాన్ ఒక ప్రయోగం ప్రకటించారు. 4-నైట్రోబెంజీన్ డయాజోనియం టెట్రాఫ్లోరోబొరేట్‌ను అసిటోనైట్రైల్‌లో కరిగించి, గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ దగ్గర దాన్ని రిడక్షన్ చేశారు. ఎలక్ట్రాన్ అందగానే అణువు నుంచి నైట్రోజన్ వాయువు విడిపోతుంది. మిగిలిన నైట్రోఫినైల్ రాడికల్ కార్బన్ ఉపరితలంతో సమయోజనీయ బంధం కడుతుంది. ద్రావకంలో పెట్టి సోనికేట్ చేసినా ఆ పొర ఊడి రాదు. బంగారం మీద అప్పటికే పేరు తెచ్చుకున్న థయాల్ పొరలు కాస్త వేడికే వదులవుతాయి. కార్బన్ మీది ఆరైల్ పొర 200 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా తట్టుకుంటుంది.

ఈ పని డయాజోనియంకే ఇంత సులువుగా ఎందుకు సాధ్యమైందంటే, అది ఎలక్ట్రాన్ తీసుకునే పొటెన్షియల్ వల్ల. నైట్రో డయాజోనియం ఎస్‌సీఈ (సంతృప్త క్యాలొమెల్ ఎలక్ట్రోడ్)తో పోలిస్తే +0.2 వోల్టు ప్రాంతంలోనే రిడ్యూస్ అవుతుంది. ఫినైల్ రాడికల్ మరో ఎలక్ట్రాన్ తీసుకుని ఆనయాన్‌గా మారే ప్రామాణిక పొటెన్షియల్ +0.05 వోల్టు దగ్గర ఉందని ఆంద్రియో, పాన్సోన్ 2003లో చూపారు. అంటే రాడికల్ పుట్టే పొటెన్షియల్ దగ్గర దాన్ని చంపే శక్తి ఎలక్ట్రోడ్‌కు ఉండదు. ఆరైల్ హాలైడ్లకు బాగా ఋణ పొటెన్షియల్ కావాలి. అక్కడ రాడికల్ పుట్టీ పుట్టగానే ఆనయాన్‌గా మారిపోతుంది, ఉపరితలానికి అంటుకునే సమయం దానికి దొరకదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే కింది సలహాల్లో సగం తప్పులు మీకే కనబడతాయి.

“పీక్ మాయమైందా? ఇంకేం, మోనోలేయర్ వచ్చేసింది!”

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. సైక్లిక్ వోల్టామెట్రీలో మొదటి స్కాన్‌లో డయాజోనియం పీక్ వెడల్పుగా కనిపిస్తుంది. రెండో స్కాన్‌లో దాదాపుగా పోతుంది. చూడ్డానికి ఎంతో తృప్తిగా ఉంటుంది. అక్కడే “ఉపరితలం నిండింది, ఒక్క పొర పూర్తయింది” అని నోట్‌బుక్‌లో రాసేస్తారు.

పీక్ పోవడం చెప్పేది ఒక్కటే: ఆ పొటెన్షియల్ దగ్గర, ఆ వేగంతో, కొత్త డయాజోనియం అణువులకు ఎలక్ట్రాన్లు తేలిగ్గా అందడం లేదు. పొర ఒకటా, ఆరా అన్నది అది చెప్పదు. ఆరైల్ రాడికల్ విచక్షణ లేని జీవి. కార్బన్ ఖాళీగా దొరికితే కార్బన్‌కు అంటుకుంటుంది. దొరకకపోతే అప్పటికే అంటుకున్న బెంజీన్ వలయం మీద దాడిచేసి అక్కడ అంటుకుంటుంది. దాని మీద ఇంకోటి. కొన్నిచోట్ల రాడికల్ కాకుండా డయాజోనియం అయానే వలయానికి కలిసి, మధ్యలో అజో వంతెన మిగులుతుంది. ఇలా కొమ్మలు కొమ్మలుగా పెరిగిన పొర కొన్ని నానోమీటర్ల మందం అందుకోవడం చాలా మామూలు. నైట్రోఫినైల్ అణువు పొడవు మాత్రం ఒక నానోమీటరుకు లోపే.

ఇది ఊహ కాదు, గీకి చూసిన సంగతి. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో కరియుకి, మెక్‌డెర్మట్ 1999లోనూ 2001లోనూ ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) కింద ఈ పొరలు ఎలా మొలకెత్తి ఎలా పెరుగుతాయో చూపారు. తర్వాత రిచర్డ్ మెక్‌క్రీరీ బృందం 2003లో, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో అలిసన్ డౌనార్డ్ బృందం 2004లో ఏఎఫ్ఎం సూదితోనే పొరను గీకి, గీసిన గాడి లోతు కొలిచారు. సూది మీద సరైన ఒత్తిడి పెడితే పొర ఊడివస్తుంది, కింది కార్బన్ చెక్కుచెదరదు. గాడి లోతే పొర మందం. ఇంత నేరుగా సమాధానమిచ్చే పద్ధతి చేతిలో ఉండగా వోల్టామోగ్రామ్ ఆకారాన్ని చూసి మందం ఊహించడం అనవసరం.

మందం పట్టించుకోవాల్సిన అవసరం ఏమిటని కొందరు అడుగుతారు. అల్బర్టా వాళ్లు ఇలాంటి పొరను రెండు వాహకాల మధ్య పెట్టి మాలిక్యులర్ జంక్షన్లు చేశారు. పొర పలుచగా ఉన్నప్పుడు కరెంటు టన్నెలింగ్ ద్వారా వెళుతుంది; మందం ఒక నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు పది రెట్లకు పైగా పడిపోతుంది. ఆ జంక్షన్లు గిటార్ శబ్దాన్ని వక్రీకరించే ఎఫెక్ట్ పెడళ్లలో కూడా చోటు సంపాదించుకున్నాయి. అక్కడా మందం తేడా ముఖ్యమే. సెన్సర్ చేస్తున్నవాళ్లకూ అంతే. ఎంజైమ్‌కూ కార్బన్‌కూ మధ్య ఆరు పొరల అడ్డం ఉంటే వచ్చే సిగ్నల్ వేరు, ఒక్క పొర ఉంటే వచ్చే సిగ్నల్ వేరు.

“ఇంకో పది సైకిల్స్ తిప్పు, బాగా పడుతుంది”

గోడకు సున్నం వేసినట్టు ఒక పూత చాలకపోతే రెండో పూత అన్న ఆలోచన ఇది. సున్నం విషయంలో రెండో పూత మొదటిదాని కంతలు పూడుస్తుంది. ఇక్కడ కంతలు అలాగే మిగిలి, ఉన్న చోటే గుట్టలు లేవవచ్చు. రాడికల్‌కు ఏది దగ్గరైతే దానికే అంటుకుంటుంది; కార్బన్ మీద ఏ మూల ఖాళీ ఉందో వెతుక్కుంటూ వెళ్లదు. సైకిల్స్ పెంచినా, గాఢత పెంచినా, పొటెన్షియల్ మరీ ఋణం చేసినా పెరిగేది ముఖ్యంగా మందమే.

పొటెన్షియల్ విషయం కొంచెం ఆగి చూడాలి. “−1 వోల్టు దాకా పోనీ, గట్టిగా పడుతుంది” అని చెప్పేవాళ్లున్నారు. అంత దూరం పోతే రాడికల్స్‌లో కొన్ని ఆనయాన్లుగా మారి ద్రావకంలోకి పోతాయి. నైట్రో అణువుతో పనిచేస్తుంటే మరో చిక్కు కూడా ఉంది. అసిటోనైట్రైల్‌లో −1.1 వోల్టు ప్రాంతంలో అంటుకున్న నైట్రో సమూహమే ఎలక్ట్రాన్ తీసుకుని రాడికల్ ఆనయాన్‌గా మారుతుంది, మళ్లీ ఇచ్చేస్తుంది. అలా పొర తానే ఎలక్ట్రాన్లను బయటి డయాజోనియంకు చేరవేస్తుంది, పెరుగుదల ఆగదు. పొరను పరీక్షించడానికి నైట్రో పీక్ చూడాలనుకుంటే, డయాజోనియం లేని కొత్త ద్రావణంలోకి ఎలక్ట్రోడ్‌ను మార్చి మాత్రమే చూడండి.

“చార్జ్‌ను ఆరుతో భాగించు, కవరేజ్ వచ్చేస్తుంది”

ఈ సలహాలో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. ఇథనాల్, నీరు కలిపిన ద్రావణంలో నైట్రో సమూహం ఆరు ఎలక్ట్రాన్లు తీసుకుని అమీన్ అవుతుంది. అయితే అన్ని అణువులూ అంతదాకా వెళ్లవు. కొన్ని నాలుగు ఎలక్ట్రాన్ల దగ్గర హైడ్రాక్సిలమీన్‌గా ఆగిపోతాయి. అవి తిరుగు స్కాన్‌లో రెండు ఎలక్ట్రాన్లు వదిలి నైట్రోసోగా మారుతూ ఒక పీక్ ఇస్తాయి. రిడక్షన్ చార్జ్‌కు ఆ ఆక్సిడేషన్ పీక్ చార్జ్‌ను కూడి, ఆ మొత్తాన్ని ఆరుతో భాగిస్తేనే రెండు రకాల అణువులూ లెక్కలోకి వస్తాయి. మొదటి పీక్ ఒక్కదాన్నే ఆరుతో భాగిస్తే లెక్క తక్కువ వస్తుంది.

వచ్చిన అంకెను దేనితో పోల్చాలో కూడా తెలిసి ఉండాలి. నైట్రోఫినైల్ అణువులు ఖాళీ లేకుండా నిలబడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 12×10⁻¹⁰ మోల్ పడతాయని పారిస్ బృందం లెక్క. మామూలుగా వాడే 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ డిస్క్ వైశాల్యం సుమారు 0.07 చదరపు సెంటీమీటర్లు. అసిటోనైట్రైల్‌లో ఒక్కో నైట్రోకు ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున లెక్కిస్తే, పూర్తి పొరకు దాదాపు 8 మైక్రోకూలుంబులు రావాలి. మీకు 30 వచ్చిందనుకోండి, అక్కడ ఉన్నది ఒక పొర కాదు. ఉపరితలం గరుకుగా ఉండటం వల్ల నిజమైన వైశాల్యం ఎక్కువే అనుకున్నా, అంత తేడాకు గరుకుదనం ఒక్కటే కారణం కాలేదు.

ఇక రెండో వైపు. మీకు 8 మైక్రోకూలుంబులే వచ్చినా ఒక్క పొరేనని ధైర్యంగా చెప్పలేరు. మందమైన పొరలో లోపల ఇరుక్కున్న నైట్రో సమూహాలకు అయాన్లు, ద్రావకం అందక అవి అసలు స్పందించకపోవచ్చు. చార్జ్ చెప్పేది స్పందించిన అణువుల సంఖ్య. ఉన్న అణువుల సంఖ్య అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. అందుకే చార్జ్ అంకె ఒంటరిగా ఎప్పుడూ చాలదు.

గ్రాఫ్టింగ్ (అంటించే) సమయంలో ఖర్చయిన చార్జ్‌తో కవరేజ్ లెక్కవేయమనే సలహా అయితే అసలే వద్దు. పుట్టిన రాడికల్స్ అన్నీ కార్బన్‌కు చేరవు. కొన్ని రెండేసి కలిసి జతకడతాయి, కొన్ని అసిటోనైట్రైల్ నుంచి హైడ్రోజన్ లాక్కుని నైట్రోబెంజీన్ అయి తేలిపోతాయి.

“ఫెర్రిసయనైడ్ పీక్ పోయింది కాబట్టి పూర్తిగా కప్పేసింది”

పొర వేశాక ఫెర్రిసయనైడ్ ద్రావణంలో ముంచి, పీకులు చదునైతే సంతోషించడం అలవాటు. ఆ అయాన్ మీద మూడో నాలుగో ఋణావేశాలుంటాయి. మీరు అంటించింది కార్బాక్సీఫినైల్ అయి, ద్రావణం పీహెచ్ 7 దగ్గర ఉంటే, పొరే ఋణావేశంతో నిండి ఆ అయాన్‌ను తరిమేస్తుంది. అదే ఎలక్ట్రోడ్‌ను పీహెచ్ బాగా తగ్గించి పరీక్షిస్తే పీకులు తిరిగి వస్తాయి. కప్పడమే కారణమైతే పీహెచ్ మార్పుకు అది తెరుచుకోకూడదు.

ఇంకో మాట. ఫెర్రిసయనైడ్ ఉపరితలం మీది మురికికి కూడా నెమ్మదిస్తుంది. సరిగ్గా శుభ్రం చేయని ఎలక్ట్రోడ్ పొర లేకుండానే “బ్లాకింగ్” చూపించగలదు. రుథీనియం హెక్సామీన్ అయాన్ మాత్రం పలుచని పొర గుండా కూడా దాదాపు ముందులాగే ఎలక్ట్రాన్ మార్చుకుంటుందని మెక్‌క్రీరీ ల్యాబ్ 1990లలో చూపింది. డోపమైన్ ఉపరితలాన్ని తాకి ఆనితేనే వేగంగా ఆక్సిడైజ్ అవుతుంది. ఒక్క పొర పడినా దాని వేగం బాగా తగ్గుతుంది. ఒకే ఉపరితలం గురించి మూడు ప్రోబ్‌లు మూడు మాటలు చెబుతాయి. ఒక్కదాన్నే అడిగి తీర్పు ఇవ్వకండి.

“బ్లాంక్ కోసం కరెంటు పెట్టకుండా ఊరికే ముంచి ఉంచు”

పొటెన్షియోస్టాట్ కలపకుండా డయాజోనియం ద్రావణంలో ఎలక్ట్రోడ్ ముంచి, దాన్ని పోలికగా వాడమంటారు. కార్బన్ తానే డయాజోనియంకు ఎలక్ట్రాన్ ఇవ్వగలదు. వోల్టేజ్ లేకుండానే పొర పడుతుంది. కాబట్టి మీ బ్లాంక్ అసలు బ్లాంకే కాదు. ఈ గుణం మీద ఒక పరిశ్రమే నిలబడింది: కాబట్ కార్పొరేషన్‌కు చెందిన జేమ్స్ బెల్మాంట్ కార్బన్ బ్లాక్‌ను డయాజోనియంతో మార్చే పద్ధతికి 1996లో అమెరికా పేటెంట్ పొందారు, అలా మార్చిన కార్బన్ నీటిలో చక్కగా కలిసి ఇంక్‌జెట్ సిరాలకు పనికొస్తుంది. సరైన పోలిక కావాలంటే డయాజోనియం బదులు నైట్రోబెంజీన్ ద్రావణంలో అదే సమయం, అదే పొటెన్షియల్‌లో ఎలక్ట్రోడ్‌ను ఉంచి, అదే రకంగా కడిగి చూడండి. దాని మీద ఏమైనా మిగిలితే అది ఊరకే ఆనుకున్నది. అప్పుడు మీ అసలు నమూనాలో ఎంత నిజంగా బంధంతో అంటుకుందో తెలుస్తుంది.

కడగడం అన్నాను కాబట్టి: “నీళ్లతో ఒకసారి కడిగితే చాలు” అన్నది కూడా వినకండి. పొరలో ఇరుక్కున్న నైట్రోబెంజీన్, డైనైట్రోబైఫినైల్ లాంటివి అసిటోనైట్రైల్‌లో సోనికేషన్ చేస్తేనే బయటికి వస్తాయి. ఆ తర్వాతే కొలతలు.

“అద్దంలా మెరిస్తే పాలిషింగ్ అయిపోయినట్టే”

గ్లాసీ కార్బన్‌ను 1, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినాతో వరుసగా రుద్దుతాం. మెరుపు వస్తుంది. ఆ మెరుపు కింద అల్యూమినా గింజలు, గాలిలోని నూనె ఆవిర్లు, ఆక్సిజన్ సమూహాలు అలాగే ఉంటాయి. అవి ఉన్న చోట పొర పడదు, పడినా నమ్మకం లేదు. శుభ్రమైన నీటిలోనూ తర్వాత ఐసోప్రొపనాల్‌లోనూ సోనికేట్ చేయాలి. ఐసోప్రొపనాల్‌ను యాక్టివేటెడ్ కార్బన్‌తో కలిపి వాడితే ద్రావకంలోని మలినాలు కూడా తగ్గుతాయని 1999లో మెక్‌క్రీరీ బృందమే చూపించింది. ఖర్చు లేని పని, ఫలితం పెద్దది.

ఏ కార్బన్ అనే ప్రశ్నకు “కార్బన్ అంటే కార్బనే” అనే జవాబు కూడా తరచూ వస్తుంది. పొరల గ్రాఫైట్‌ను టేపుతో ఒలిచినప్పుడు బయటపడే చదునైన ముఖం రాడికల్‌కు అంత తేలిగ్గా లొంగదు. అంచులు మాత్రం వెంటనే పట్టుకుంటాయి. కాబట్టి అదే పని రెండు చోట్లా చేస్తే రెండు ఫలితాలొస్తాయి. మందం నిజంగా కొలవాలనుకునేవాళ్లు ఫొటోరెసిస్ట్‌ను కాల్చి తయారుచేసే కార్బన్ ఫిల్మ్ మీద చేయడం మంచిది. దాని గరుకుదనం ఒక నానోమీటరులోపే, కాబట్టి ఏఎఫ్ఎం గాడి స్పష్టంగా కనిపిస్తుంది. పెన్సిల్ ములుకు చౌక, దొరకడం సులువు. కానీ అందులో బంకమట్టి, పాలిమర్ కలిపి ఉంటాయి. సెన్సర్‌కు వాడుకోండి, పొర మందం గురించి అక్కడ ఏమీ తేల్చకండి.

“ఒకేసారి ఎక్కువ చేసుకుని ఎండబెట్టి దాచుకో”

దీన్ని సలహా అనడం కూడా తప్పు. డయాజోనియం సమ్మేళనాలను 1858లో కనుగొన్న జర్మన్ రసాయన శాస్త్రవేత్త పీటర్ గ్రీస్ కాలం నుంచి వీటిలో కొన్ని పేలతాయని లోకానికి తెలుసు. ఎండిన డయాజోనియం క్లోరైడ్, పర్‌క్లోరేట్ అత్యంత ప్రమాదకరం. టెట్రాఫ్లోరోబొరేట్ చాలా నిదానమైనది, అందుకే అంతా దాన్నే వాడతారు. నిదానమైనదంటే పూర్తి సురక్షితం అని కాదు. కొద్దిగా చేయండి, చీకట్లో చల్లగా ఉంచండి, లోహపు గరిటెతో గీకకండి, బాటిల్ అడుగున గట్టిపడిన ముద్దను పొడవకండి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయి ల్యాబ్ ఫ్రిజ్ ఆగితే, ముందుగా గుర్తుకు రావాల్సింది ఈ బాటిల్. రంగు ముదిరిన ఉప్పును “ఇంకా పనిచేస్తుందేమో” అని వాడటం కన్నా కొత్తది చేసుకోవడం మేలు. అప్పుడు కవరేజ్ లెక్కలు కూడా నమ్మదగినవి అవుతాయి.

అసలు ఉప్పును వేరు చేయకుండానే పని జరుగుతుంది. మాంట్రియాల్‌లో బరాంటోన్, బెలాంజే 2005లో చూపిన దారి ఇది: అమీన్‌ను ఆమ్లంలో కరిగించి, సోడియం నైట్రైట్ కలిపి, సెల్‌లోనే డయాజోనియం పుట్టించి వెంటనే గ్రాఫ్టింగ్ చేయడం. పొడి చేతికే రాదు. అయితే పీహెచ్ తక్కువగా ఉంచాలి. ఆమ్లం తగ్గితే డయాజోనియం డయాజోటేట్ రూపంలోకి పోతుంది, పక్కనే ఉన్న అమీన్‌తో, ఫినాల్‌తో కలిసి రంగు పదార్థాలు చేస్తుంది. ద్రావణం పసుపో ఎరుపో ఎక్కితే ఆ బ్యాచ్ వదిలేయండి.

చిన్న సంగతులు రెండు. “రిఫరెన్స్ ఏదైనా ఒకటే” అనకండి. నీటిలోని పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ను పర్‌క్లోరేట్ ఉన్న అసిటోనైట్రైల్‌లో ముంచితే, చివరన ఉన్న ఫ్రిట్‌లో పొటాషియం పర్‌క్లోరేట్ గట్టిపడి మూసుకుపోతుంది, పొటెన్షియల్ జారిపోతుంది. ఇక ఫెర్రోసీన్‌ను ప్రమాణంగా గ్రాఫ్టింగ్ ద్రావణంలోనే కలపమంటారు. డయాజోనియం ఫెర్రోసీన్‌ను ఆరైలేట్ చేస్తుంది. గ్రాఫ్టింగ్ అయ్యాకే క్యాలిబ్రేషన్‌ను వేరే ద్రావణంలో చేసుకోండి.

“ఎక్స్‌పీఎస్‌లో 400 దగ్గర పీక్ వచ్చింది కాబట్టి అజో బంధాలున్నాయి”

ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్‌రే ఫొటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ) నైట్రో నైట్రోజన్ 406 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అజో నైట్రోజన్, అమీన్ నైట్రోజన్ 400 చుట్టుపక్కల కనిపిస్తాయి. ఎక్స్‌రే కిరణం కిందే నైట్రో సమూహం అమీన్‌గా మారుతుంది. నమూనా ఎంతసేపు ఉంటే 406 అంత తగ్గి 400 అంత పెరుగుతుంది. కాబట్టి ఎక్స్‌పీఎస్ చేసేవారిని నైట్రోజన్ స్కాన్ ముందుగా, తక్కువ సమయంలో తీయమని అడగండి. అదే చోట మళ్లీ తీసి, రెండు స్కాన్ల మధ్య మార్పు చూడండి. మారితే కొంత అమీన్, మారకుండా మిగిలింది మాత్రమే అజో గురించి మాట్లాడటానికి పనికొస్తుంది.

“అందరూ నైట్రోతోనే చేశారు, నువ్వూ అదే చెయ్యి”

నైట్రో సౌకర్యవంతమే. కానీ మీ లక్ష్యం ఒక్క పొర అయితే ఇప్పుడు దానికి సరైన దారులు ఉన్నాయి. వాటిని పక్కనబెట్టి నైట్రోతో సైకిల్స్ తగ్గించి అదృష్టాన్ని నమ్ముకోవాల్సిన అవసరం లేదు.

రాడికల్‌ను ఆపడానికి రెండు మార్గాలు. మొదటిది అణువునే స్థూలంగా చేయడం. వలయం మీద 3, 5 స్థానాల్లో పెద్ద టెర్షియరీ బ్యూటైల్ సమూహాలుంటే తర్వాతి రాడికల్‌కు దాడిచేసే చోటే దొరకదు. పాన్సోన్, పోడ్వోరికా, వాళ్ల సహచరులు 2008లో లోహాల మీద దీనితో ఒక్క పొర సాధించారు. రెన్‌లో లరూ, ఆపియో, వాళ్ల సహచరులు 2010లో కార్బన్ మీద ఇంకా ఉపయోగకరమైన పని చేశారు. ఎథైనైల్ సమూహాన్ని ట్రై ఐసోప్రొపైల్ సిలైల్ అనే పెద్ద తొడుగుతో కప్పి అంటించారు. ఆ తొడుగు వల్ల పొర ఒక్కటి దగ్గరే ఆగింది. తర్వాత ఫ్లోరైడ్‌తో తొడుగు తీసేస్తే, క్లిక్ చర్యకు సిద్ధంగా ఎథైనైల్ పొర మిగిలింది. దాని మీద ఫెర్రోసీన్ అంటించి లెక్కవేస్తే కవరేజ్ ఒక్క పొరకు సరిపోయింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే, ఎందుకంటే చివర్లో ఏది అంటించాలన్నా మొదటి మెట్టు మారదు.

రెండో మార్గం, అదనపు రాడికల్స్‌ను పట్టుకోవడం. ఆంజే విశ్వవిద్యాలయంలో టోనీ బ్రతోన్ బృందం 2013లో డీపీపీహెచ్ అనే స్థిరమైన రాడికల్‌ను ద్రావణంలో కలిపింది. కార్బన్‌కు అంటుకోకుండా మిగిలిన ఆరైల్ రాడికల్స్‌ను అది పట్టేస్తుంది. దాని మోతాదు సరిచేసుకుంటే మందమైన పొర నుంచి ఒక్క పొర దాకా దిగొచ్చు. ప్రత్యేకమైన అణువు తయారుచేసుకునే వీలు లేని ల్యాబ్‌కు ఇది చక్కని దారి. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కిమ్ డాస్‌బ్యెర్గ్ బృందం 2007లో దీనికి తిరగేసిన పని చేసింది: ముందు డైసల్ఫైడ్‌తో మందంగా పొర వేసి, తర్వాత ఎలక్ట్రోకెమిస్ట్రీతోనే సల్ఫర్ బంధాలు తెంచి, కార్బన్‌ను ఆనుకున్న థయోఫినోలేట్ పొరను మాత్రం మిగిల్చింది.

డయాజోనియం దొరక్కపోతే “ఏదో ఒక అమీన్ ఆక్సిడైజ్ చెయ్యి, అదే అంటుకుంటుంది” అని చెప్పేవాళ్లకు ఒక మాట. ప్రైమరీ అమీన్లు బాగా అంటుకుంటాయి, సెకండరీవి తక్కువ, టెర్షియరీవి దాదాపుగా అంటుకోవు. డీన్‌హామర్, పోర్టర్ వాళ్లు 1994లోనే ఇది తేల్చారు. ట్రైఇథైల్ అమీన్‌తో వారాలు గడపకండి.

చివరగా ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ నా విన్నపం. మీ తర్వాతి పేపర్‌లోనో థీసిస్‌లోనో కవరేజ్ అంకె పక్కనే పొర మందం కూడా రాయండి, ఏ పద్ధతితో కొలిచారో రాయండి, గ్రాఫ్టింగ్ పొటెన్షియల్, సమయం, సైకిల్స్ దాచకుండా చెప్పండి. మీ దగ్గర ఏఎఫ్ఎం లేకపోతే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికితే దేశంలో ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. ముందే సమయం తీసుకుని కొన్ని నమూనాలు గీకించుకోండి. ఆ గాడి లోతు తెలియకుండా “మోనోలేయర్” అన్న మాట వాడకండి.